ఇంటి పక్కన ఇర్రి

పొద్దున్నే ఆరు కావస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్ల కింద వీధి దీపాలు ఇంకా ఆరలేదు. మా అక్కావాళ్ల అపార్ట్‌మెంటు మెట్లు దిగి, సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి రాగానే డిసెంబరు చలి చెవుల్ని పట్టుకుంది. నా చెయ్యి పట్టుకుని మా వాడు నడుస్తున్నాడు. వాడికి తొమ్మిదేళ్లు. డాలస్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. అక్కడికీ ఇక్కడికీ పదకొండున్నర గంటల తేడా. వాడి ఒంటికి పగలేదో రాత్రేదో ఇంకా తేలలేదు. మూడింటికే లేచి కూచుని "ఇంకా తెల్లవారలేదా నాన్నా?" అని నాలుగుసార్లు అడిగాడు. ఇవాళ వాణ్ని కృష్ణజింకల దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆ మాట ఇచ్చింది ఏడాదిన్నర కిందట, టెక్సస్‌లో.

సాయిబాబా గుడి వైపు నుంచి కాకడ హారతి వినిపిస్తోంది. పాల ప్యాకెట్ల ట్రేలు దింపుతున్న చప్పుడు. చాయ్ బండి చుట్టూ హాస్టల్ కుర్రాళ్లు మూగి ఉన్నారు. ఒకడు దుప్పటి కప్పుకునే వచ్చేశాడు, చంకలో జిరాక్స్ కాయితాల కట్ట. గ్లాసులోంచి లేచే అల్లం వాసన పీల్చగానే నాకు పదిహేనేళ్ల కిందటి పొద్దులు గుర్తుకొస్తున్నాయి. ఈ వెనక సందులోనే ఒక హాస్టల్లో గదికి ముగ్గురం ఉండేవాళ్లం. జీఆర్‌ఈ మాటలు చార్టు మీద రాసి, మంచం మీద పడుకుంటే కనబడేలా పైకప్పుకు అతికించుకున్నాను. 2011లో ఇక్కడినుంచే సూట్‌కేసులు ఆటోలో వేసుకుని శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లాను. ఇప్పుడు తల ఎత్తి చూస్తే విదేశీ చదువుల కన్సల్టెన్సీల బోర్డులన్నీ అలాగే ఉన్నాయి. అమెరికా పక్కన ఆస్ట్రేలియా, జర్మనీ కొత్తగా చేరాయి. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు పరదేశం మొదటి మెట్టు ఈ దిల్‌సుఖ్‌నగరే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

బస్టాపు దగ్గరికి రాగానే నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఈ రోడ్డు మీదే రెండు బాంబులు పేలాయి. ఇక్కడ రాత్రి ఏడు దాటితే డాలస్‌లో పొద్దున ఏడున్నర. ఆఫీసుకు బయలుదేరుతూ టీవీలో ఈ రోడ్డును చూశాను. అక్క రోజూ ఆ వేళకే కూరగాయలకు వచ్చేది. ఫోను కలవడానికి పట్టిన ఆ గంటన్నరను మర్చిపోలేను. దూరదేశంలో ఉండటమంటే ఏమిటో నాకు ఆ పొద్దున తెలిసినంతగా మరెప్పుడూ తెలియలేదు. అక్క ఆ రోజు జ్వరంతో ఇంట్లోనే ఉంది.

మెట్రో ఎక్కుతాం. నేను వెళ్లేనాటికి ఇక్కడ ఒక్క పిల్లరు కూడా లేదు. అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా ఈ దారి 2018 సెప్టెంబరు 24న తెరిచారు. బండిలో ఈ వేళ జనం పల్చగా ఉన్నారు. మా వాడు కిటికీకి ముక్కు ఆనించి చూస్తున్నాడు. నేను కింద ఏముండేదో చెబుతున్నాను. చైతన్యపురి దాటితే కొత్తపేట. ఈ పక్కనే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. వేసవి వస్తే మామిడి లారీలు రోడ్డు నిండా బారులు తీరేవి, బస్సు అద్దాలు మూసినా వాసన లోపలికొచ్చేది. మార్కెట్‌ను బాటసింగారం తరలించారు. ఆ స్థలంలో పెద్దాసుపత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. మంచి పనే, ఆసుపత్రి కావాలి. అయినా ఆ మలుపులో ముక్కుపుటాలు మామిడి కోసం వెతుక్కుంటాయి. తర్వాత విక్టోరియా మెమోరియల్. ఆరో నిజాం కాలం నాటి అనాథల వసతి గృహం పేరే స్టేషనుకు పెట్టారు. ఆ తర్వాతిదే ఆఖరి స్టేషను.

ఎల్బీ నగర్ చౌరస్తా అప్పుడే మేలుకుని పరుగెడుతోంది. విజయవాడ వైపు, సాగర్ వైపు, ఉప్పల్ వైపు, శంషాబాద్ వైపు వెళ్లే దారులు ఇక్కడే కలుస్తాయి. "సూర్యాపేట, సూర్యాపేట" అని ఒక కేక, "దేవరకొండ" అని మరో కేక. రాత్రంతా ప్రయాణం చేసి దిగిన మనుషులు బ్యాగుల మీద కూచుని కళ్లు నులుముకుంటున్నారు. మా అమ్మా నాయినా మాకంటే ముందే వచ్చి టిఫిన్ బండి పక్కన నిలబడి ఉన్నారు. నాయిన రిటైరయ్యాక 2014లో వనస్థలిపురంలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. అమ్మ చేతిలో గుడ్డ సంచి, అందులో స్టీలు డబ్బా.

"ఏం బిడ్డా, నిద్ర పట్టిందా?" అని మనవడి తల నిమిరింది.

"నానమ్మా, జింకలు లేచి ఉంటాయా?"

"అవి నీ లెక్కనే. పొద్దుగాల్నే లేస్తయి."

ఇడ్లీ తిని, హయత్‌నగర్ వైపు వెళ్లే సిటీ బస్సు ఎక్కుతాం. కారు మాట్లాడుకుందామన్నాను. నాయిన వినలేదు, "నాలుగైదు కిలోమీటర్లకు కారెందుకురా?" అన్నారు. అమ్మ ఆధార్ కార్డు చూపించగానే కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ బస్సులో, పల్లె బస్సులో టికెట్టు డబ్బుల్లేవు. అమ్మ ఆ చీటీని పర్సులో జాగ్రత్తగా మడిచి పెట్టుకుంది. ఈ రెండేళ్లలో ఒక్కతే వెళ్లి చూసొచ్చిన గుళ్ల పేర్లు మనవడికి చెబుతోంది. ఆమె గొంతులో ఆ ధీమా నేను కొత్తగా వింటున్నాను.

హైవే పక్కనే గేటు. మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం. ఒకవైపు ఆటోనగర్ లారీ షెడ్లు, సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు. మరోవైపు కాలనీలు. నడుమ 3,605 ఎకరాల అడవి. నిజాం నవాబుల వేటకు విడిచిన నేల ఇది. మహావీరుడి నిర్యాణానికి 2,500 ఏళ్లు నిండిన సందర్భంగా 1975లో దీన్ని జింకల వనం చేసి ఆయన పేరు పెట్టారు. 1994లో జాతీయ ఉద్యానవనమైంది. తుపాకులు పేలిన చోటికి అహింస బోధించినవాడి పేరు పెట్టినవాళ్లకు నేను మనసులో దండం పెట్టుకుంటాను. చుట్టూ గజం ధర ఎంత పలుకుతోందో ఎల్బీ నగర్‌లో ఎవర్నడిగినా చెబుతారు. అంత ధరల నడుమ ఈ నేల ప్లాట్లు కాకుండా మిగలడం చిన్న విషయం కాదు. తెలంగాణలోని మూడు జాతీయ ఉద్యానవనాలూ హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లో కేబీఆర్, చిలుకూరు దగ్గర మృగవని, మూడోది ఇది. మన తూర్పు వైపు వాళ్ల వంతుకు వచ్చింది ఇదే.

టికెట్లు తీసుకుని సఫారీ వ్యాన్ ఎక్కాం. మాతో పాటు చంటిపిల్లతో ఒక జంట, కెమెరా మెడలో వేసుకున్న ఒక కాలేజీ అబ్బాయి. వ్యాన్ మట్టిదారిలోకి తిరిగి రెండు మలుపులు దాటాక లారీల హోరు తగ్గి, గాలి చప్పుడు వినబడటం మొదలైంది. ఎండుగడ్డి నడుము ఎత్తున ఉంది, రాత్రి మంచు ఇంకా దాని కొసల మీద మెరుస్తోంది. తంగేడు పొదలు, తుమ్మలు, రేగు కంపలు, అక్కడక్కడ నల్లటి బండలు. దక్కన్ నేల అసలు రూపం ఇదే. కొండాపూర్‌లో, గచ్చిబౌలిలో బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపక ముందు ఊరంతా ఇలాగే ఉండేది.

"అదిగో పాలపిట్ట!" నాయిన వేలు చూపించారు.

ఎండిన కొమ్మ మీద మట్టిరంగు పిట్ట కూచుని ఉంది. మా వాడికి అందులో ఏమీ కనబడలేదు. వ్యాన్ దగ్గరికి రాగానే అది లేచింది. రెక్క విప్పగానే నీలం. లేత నీలం, ముదురు నీలం, పట్టీలు పట్టీలుగా ఎండలో తళుక్కుమంది. మా వాడు నోరు తెరిచాడు. దసరా నాడు జమ్మికి పోతూ పాలపిట్టను చూడటం కోసం ఊరు ఊరంతా పొలిమేర దాటడం నాయిన చిన్నప్పటి సంగతి. వాడికి ఆ కథ చెబుతున్నారు. తెలంగాణ రాష్ట్ర పక్షి అదే. అయితే వాడు దాన్ని పుస్తకంలో చూడక ముందే కొమ్మ మీద చూశాడు, అది నాకు సంతోషం.

చుక్కల జింకలు ముందు కనబడ్డాయి. నీటి తొట్టి దగ్గర ఇరవై దాకా ఉంటాయి. తల ఎత్తి, చెవులు తిప్పి, మమ్మల్ని లెక్కలోంచి తీసేసి మళ్లీ వంగాయి. ఓ మగ నెమలి దారికి అడ్డంగా నింపాదిగా నడిచింది, డ్రైవరు వ్యాన్ ఆపి దానికి దారి ఇచ్చాడు. ఎక్కడో తీతువు పిట్ట అరుస్తోంది. కెమెరా అబ్బాయి గుసగుసగా "అదుగో, అటు పక్క గడ్డి మైదానంలో" అన్నాడు.

ఇంజన్ ఆగింది.

వంద గజాల దూరంలో పది పన్నెండు లేత గోధుమరంగు ఆడ జింకలు. కొమ్ములు లేవు. కొన్నిటి వెంట పిల్లలు. వాటికి కాస్త ఎడంగా, ఒక్కటే. వీపు నల్లగా నిగనిగలాడుతోంది, పొట్ట తెల్లగా, కంటి చుట్టూ తెల్లటి వలయం. కొమ్ములు రెండూ తాడు పురిపెట్టినట్టు మెలికలు తిరిగి రెండడుగుల దాకా లేచి ఉన్నాయి, ఒక్కో మెలిక మీద ఉంగరాలు పేర్చినట్టు గీతలు. అది ముక్కు ఆకాశానికి ఎత్తి, కొమ్ములు వీపుకు ఆనించి, ఒక్కో అడుగూ కొలిచినట్టు వేస్తూ మందకు అడ్డంగా నడుస్తోంది. తన హద్దు తను కాస్తోంది. మగ పిల్ల కూడా పుట్టినప్పుడు తల్లి రంగులోనే ఉంటుంది. మూడో ఏడు నుంచి వయసుతో పాటు నలుపెక్కుతుంది. నలభై కిలోల చుట్టూ ఉండే ఆ ఒళ్లు, పరుగు అందుకుంటే గంటకు 80 కిలోమీటర్ల దాకా వెళ్తుంది.

"ఇర్రి," అన్నారు నాయిన. గొంతు తగ్గించి, మళ్లీ, "ఇర్రి."

ఆ మాట నేను ఆయన నోట అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. మగది ఇర్రి, ఆడది లేడి. దేవరకొండ పక్క ఆయన చిన్నతనంలో ఆముదం చేన్లల్లో ఇవి మందలు మందలుగా తిరిగేవట. "పొద్దుగూకంగ చేనుకాడ మంచె మీద పండుకుంటే, ఎన్నెల్ల ఇర్రులు ఎగురుకుంట పోయేయి. నీళ్ల మీద రాయి ఎగిరినట్టు పోయేయి బిడ్డా" అని మనవడికి చెబుతున్నారు. యాభై ఏళ్లకు పైనే అయిందట చూసి. ఆయన చేతులు ముందు సీటు రాడ్డును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పదేళ్లుగా ఈ అడవి పక్కనే ఉంటున్నారు. ఎవరూ తీసుకురాలేదు, తనకై తాను అడగలేదు. ఐదుసార్లు సెలవులకు వచ్చిన నేను, ఈ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు.

నన్ను ఇక్కడికి తెచ్చింది టెక్సస్. ఏడాదిన్నర కిందట గ్లెన్ రోజ్ దగ్గరి ఫాసిల్ రిమ్ అనే వన్యప్రాణి కేంద్రానికి వెళ్లాం. కారులోనే తిరుగుతూ చూడొచ్చు. జిరాఫీలు, ఖడ్గమృగాలు, వాటి మధ్య హఠాత్తుగా ఇవి. ఇండియా జంతువని అక్కడి కాయితంలో రాసి ఉంది. "ఇండియాలో ఎక్కడ నాన్నా? మన ఊళ్లో ఉంటాయా?" అని వాడు అడిగాడు. చాలా చోట్ల ఉంటాయన్నాను. ఆ రాత్రి వెతికితే మా అమ్మావాళ్ల ఇంటి పక్క అడవి పేరు వచ్చింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు ఇన్నేళ్లూ దాన్ని చూసిన నా కళ్ల మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడే తెలిసిన ఇంకో సంగతి. కృష్ణజింకలను 1932లో టెక్సస్‌లోని ఎడ్వర్డ్స్ పీఠభూమికి తీసుకెళ్లారు. ఆ గడ్డీ ఆ ఎండా వాటికి సరిపోయాయి. ఇప్పుడు అక్కడి పశువుల రాంచ్‌లలో వేల సంఖ్యలో ఉన్నాయి. డబ్బు కట్టినవాళ్లు అక్కడ వాటిని వేటాడొచ్చు. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు వాటిది, పులితో సమానమైన రక్షణ. మరో దేశం కథ ఇంకా లోతుగా తగిలింది. పాకిస్తాన్ అడవుల్లో ఇవి పూర్తిగా అంతరించిపోయాయి. టెక్సస్‌లో పెరిగిన మందలోంచి కొన్నిటిని 1970లలో తీసుకొచ్చి బహావల్‌పూర్ దగ్గరి లాల్ సుహాన్రాలో మళ్లీ పెంచారు. వెళ్లినవాటి సంతానం తిరిగొచ్చింది.

మా వాడికి ఇదంతా చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. వాడు వ్యాన్ కమ్మీల మధ్య గడ్డం ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

హైవే మీద ఏదో లారీ పెద్దగా హారన్ కొట్టింది. మంద ఒక్కసారి తలలెత్తింది. ఒక లేడి నిలుచున్న చోటే నాలుగు కాళ్లూ ఒక్కసారిగా గాల్లోకి లేపి ఎగిరింది. వెంటనే మరొకటి, మరొకటి. పిల్లలు కూడా. ఎండుగడ్డి మీదుగా ఒకదాని వెనక ఒకటి లేస్తూ పడుతూ, అచ్చం నాయిన చెప్పినట్టే, నీళ్ల మీద రాయి ఎగిరినట్టు పోయాయి. ఇర్రి చివరికి కదిలింది. తొందరేమీ లేదన్నట్టు నాలుగడుగులు నడిచి, అప్పుడు పరుగు అందుకుంది. నల్లటి గీత ఒకటి తుమ్మల వెనక మాయమైంది. లేచిన దుమ్ము నెమ్మదిగా గడ్డి మీద వాలుతోంది.

"తాతా, నువ్వు చెప్పింది నిజమే!" అని మా వాడు నాయిన మెడ పట్టుకున్నాడు.

ఉమ్మడి రాష్ట్రంలో కృష్ణజింకే రాష్ట్ర జంతువు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు అది ఉంది, తెలంగాణకు చుక్కల జింక. ఈ అడవిలో రెండూ ఒక్క గడ్డే మేస్తున్నాయి, ఒక్క నీళ్లే తాగుతున్నాయి.

వ్యాన్ దిగాక వేపచెట్టు కింద అరుగు మీద కూచున్నాం. అమ్మ డబ్బా తెరిచింది. తపాలచెక్క. అంచులు కరకరలాడుతూ, నడుమ మెత్తగా, నువ్వుల వాసన. పక్కనే రేగు కంప కింద రాలిన పండ్లు. నాయిన వంగి ఒకటి తీసుకుని తుడిచి మనవడి చేతిలో పెట్టారు. వాడు కొరికి, ముందు ముఖం ముడిచి, తర్వాత ఇంకోటి కావాలన్నాడు. డాలస్ ఇండియన్ స్టోర్లో గోంగూర నుంచి మునక్కాడ దాకా అన్నీ దొరుకుతాయి. ఈ రేగుపండు పులుపు మాత్రం నేను అక్కడ చూడలేదు.

కంచె వెంబడి నడుస్తుంటే గుండె కలుక్కుమంది. చిప్స్ కవర్లు, ఖాళీ నీళ్ల సీసాలు, పెళ్లి భోజనాల ప్లేట్లు కంచె మీదుగా లోపలికి విసిరి ఉన్నాయి. ప్లాస్టిక్ కవరు గడ్డిలో చిక్కుకుంటే జింక దాన్ని గడ్డితో పాటే మింగుతుంది. అది కడుపులో అరగదు, బయటికి రాదు. మేత పట్టక చిక్కి చచ్చిపోతుంది. చుట్టుపక్కల కాలనీల్లో ఉంటున్నది మనవాళ్లే. విసిరినవాళ్లూ మనవాళ్లే. ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వలేను. అమ్మ గుడ్డ సంచి ఖాళీ చేసి నాకిచ్చింది. చేతికందినవి ఏరాం. సంచి పది నిమిషాల్లో నిండింది.

తిరుగు బస్సులో మా వాడు నానమ్మ ఒడిలో నిద్రపోయాడు. వేళ కాని వేళ నిద్రే, లేపబుద్ధి కాలేదు. కిటికీలోంచి ఎండ ముఖం మీద పడుతుంటే అమ్మ కొంగు అడ్డం పెట్టింది. నాయిన బయటికి చూస్తూ, "మల్లొచ్చినప్పుడు ఎండాకాలం రాండ్రి. నీళ్లకాడికి అన్నీ వస్తయి. మంచిగ కనబడతయి" అన్నారు.

పరదేశం నుంచి వచ్చే మనకు దొరికేది మూడు వారాలు. అందులో ఒక పెళ్లి, రెండు గృహప్రవేశాలు, బట్టల షాపులు, బ్యాంకు పనులు, దంతవైద్యం, ముక్కోటి చుట్టాలు. ఇవన్నీ కావాలి, నేను వద్దనను. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ ఇళ్లకు సెలవుల్లో వచ్చేవాళ్లందరినీ ఒక్కటే అడుగుతున్నాను. ఒక ఉదయం ఈ అడవికి ఇవ్వండి. పిల్లలతో పాటు మీ అమ్మానాన్నలనూ తీసుకెళ్లండి. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు తెలిసింది వాళ్లకే. వాళ్లను ముందు సీట్లో కూచోబెట్టండి. గుడ్డ సంచి ఒకటి వెంట ఉంచుకోండి. తీసుకెళ్లిన నీళ్ల సీసాను తిరిగి ఇంటికి తెచ్చుకోండి.